గన్ దించి మిషన్ ఎత్తుకున్న ఏడాది

మా ఆయన దగ్గర ఎప్పుడూ థిన్నర్ వాసన వచ్చేది. పెళ్ళయిన కొత్తలో ఆ వాసన నాకు ఇష్టంగానే ఉండేది. సాయంత్రం గల్లీ మలుపులో ఉండగానే ఆయన వస్తున్నట్టు తెలిసేది. తర్వాత నేను నర్సుగా పనిచేసే దవాఖానలో నన్ను ఛాతీ వార్డుకు మార్చారు. రోజంతా ఊపిరి కోసం కొట్టుకునే మనుషుల మధ్య తిరిగి ఇంటికొచ్చేసరికి అదే వాసన ఎదురయ్యేది. వాసనను తిట్టలేం కదా, మనిషిని తిట్టేదాన్ని.

ఆయన కార్లకు రంగు వేసేవాడు. బోరబండ చివర రేకుల షెడ్డులో డెంటింగ్, పెయింటింగ్ పని. రంగు చల్లే గన్ పట్టుకుంటే ఆయన అంత శుభ్రంగా వేసేవాడు ఆ చుట్టుపక్కల లేడని షెడ్డు నడిపే ఉస్తాదే అందరితో చెప్పేవాడు. ఎండకు పాలిపోయిన పాత రంగును కూడా కంటితో చూసి డబ్బాలో కలిపేవాడు. వేసిన చోటు ఏదో, వేయని చోటు ఏదో కారు ఓనర్లకు తెలిసేది కాదు. ఆ పేరు ఆయనకు అన్నం కంటే ఎక్కువ. ఆ పేరుతో పాటే దగ్గు కూడా వచ్చింది. మొదట పొద్దున లేవగానే, తర్వాత మెట్లెక్కితే, చివరికి కూర్చుని నాతో మాట్లాడుతుంటే కూడా.

బతిమాలి, బెదిరించి మా వార్డు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మా వారిని పరీక్ష చేసి బయట కూర్చోమన్నాడు. నాతో మాత్రం వార్డులో రోజూ మాట్లాడినట్టే మాట్లాడాడు.

“సిస్టర్, పోయిన ఊపిరి తిరిగి రాదు. గన్ మానేస్తే ఉన్నది నిలుస్తుంది. మానకపోతే ఆయన్ని ఇక్కడే, ఈ వార్డులోనే, మీరే చూసుకోవాల్సి వస్తుంది.”

ఆ మాట ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. తియ్యగా చెప్పడం నాకు చేతకాదు. “రంగు ఇడిసిపెడితే నాకింకేం వస్తదే?” అన్నాడు. నా జీతంతో ఇల్లు గడుస్తుంది. కానీ మా ఆయన ఇంట్లో కూర్చుని బతికే మనిషి కాదు. పని దొరక్కపోతే మళ్ళీ షెడ్డుకే పోతాడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆ రోజుల్లో మాదాపూర్ వైపు బండలు పగలగొట్టి ఆఫీసులు కడుతున్నారు. ఎప్పుడు చూసినా దుమ్మే. ఆ దుమ్ములోనే కొత్త కొత్త కార్లు వచ్చి నిలబడేవి. నీడ అనేదే లేదు. ఎండకు రంగు పాలిపోయేది, కడుతున్న భవనాల నుంచి సిమెంటు నీళ్ళు పడి మచ్చలు కట్టేవి. ఒకరోజు మా ఆయన నానక్‌రామ్‌గూడలో చుట్టాలను చూడబోయి, వచ్చేటప్పుడు షేర్ ఆటో దిగి ఆ కార్ల మధ్య తిరిగి వచ్చాడు. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు.

“రంగు చచ్చిపోలేదే, పైన మబ్బు పట్టింది అంతే. పాలిష్ కొడితే లేస్తది. గన్ లేదు, థిన్నర్ లేదు. ఒక్క మిషన్ ఉంటే సాలు.”

చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో ఆశ విన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్ళీ ఆలోచనలో పడతాడని, చెప్పులు బయట విడవమని కసిరాను.

చిక్కేమిటంటే, రంగు వేయడంలో అంత పేరున్న మనిషికి పాలిష్ మిషన్ పట్టడం రాదు. షెడ్డులో రంగు ఆరాక కాంపౌండ్ అనే పాలిష్ ముద్ద రాసి, పాత బనియన్ గుడ్డతో చేత్తో తోమేవాళ్ళు. ఉన్న ఒక్క మిషన్ ఉస్తాద్‌ది. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడం ఆ షెడ్డులో లేదు. కాబట్టి ఈ పనిలో మా ఆయన మొదటి తరగతి పిల్లవాడే. ఆ సంగతి ఒప్పుకోవడం ఆయనకు కష్టమైంది. “రంగు తెలిసినోనికి మిషన్ ఎంత పని?” అంటూ తిరిగాడు. నేను ఊరుకున్నాను. నేను ఊరుకోవడం మా ఇంట్లో అరుదు.

మిషన్ కొనడానికి రాణీగంజ్ వెళ్ళాం. నేను కూడా వస్తానంటే, “ఇది చీర కాదు” అన్నాడు. “ఊపిరి కూడా చీర కాదు” అని బయల్దేరాను.

షాపాయన మూడు మిషన్లు బల్ల మీద పెట్టాడు. మొదటిది పెద్దది, నల్లగా, బరువుగా ఉంది. కొత్త భవనాల్లో గ్రానైట్ నునుపు చేసేవాళ్ళు అదే కొంటున్నారన్నాడు. దానికే గొర్రెబొచ్చు టోపీ తొడిగితే కారుకూ పనికొస్తుందట. స్విచ్ వేస్తే ఒకటే వేగం, షాపంతా హోరెత్తిపోయింది. రెండోది మామూలు డ్రిల్లు. దాని ముందు రబ్బరు పళ్ళెం బిగించి, దాని మీద బొచ్చు వేశారు. తేలికగా ఉంది కానీ తిరుగుతుంటే తల ఊపుతోంది. మూడోది పాలిష్ కోసమే చేసింది. ముందు ఇంకో పిడి ఉంది. వెనక చిన్న చక్రం ఉంది. దాన్ని తిప్పితే వేగం తగ్గుతుంది, పెరుగుతుంది. బొచ్చు కాకుండా స్పాంజి కూడా పెట్టుకోవచ్చు.

మా ఆయన చెయ్యి నేరుగా మొదటిదాని మీదికి పోయింది.

“దమ్మున్న మిషన్ అన్నా ఇది. బండరాయే మాట వింటది, కారెంత?” అన్నాడు షాపాయన.

“కారు బండరాయి కాదు కదా” అన్నాను.

“ఫికర్ చెయ్యకు అక్కా, చెయ్యి అలవాటైతే అంతా మంచిగైతది.”

“అలవాటయ్యేదాకా ఎవరి కారు మీద నేర్చుకుంటడు? నీకు కారుందా?”

షాపాయన నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. నేను ఆ నల్ల మిషన్ ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాను. “కారు తలుపును తోముతున్నట్టు ముందుకు చాపి పట్టుకో. నేను చెప్పేదాకా దించకు” అన్నాను. పట్టుకున్నాడు. మాటల్లో దాచుకునే ఆయాసం భుజాల్లో దాగదు. వార్డులో నేను రోజూ మనుషుల భుజాలే చూస్తాను. ఊపిరి అందనివాడు భుజాలతో గాలి లాగుతాడు. కాసేపటికే ఆయన భుజాలు లేచిపడటం మొదలయింది. మిషన్ తీసుకుని బల్ల మీద పెట్టాను. ఆయన తల తిప్పుకున్నాడు. ఆ క్షణం ఆయన మీద నాకు పుట్టిన జాలి ఇంత అని చెప్పలేను.

తర్వాత కాంపౌండ్ తెమ్మన్నాను. బొచ్చుకు రాసి డ్రిల్లును తిప్పమన్నాను. తెల్లటి చుక్కలు, నూగు షాపాయన చొక్కా మీద, నా చీర మీద, పక్కనున్న డబ్బాల మీద పడ్డాయి. “ఇదంతా ఈయన ముక్కులోకి పోతది” అన్నాను. స్పాంజి పెట్టి, మూడో మిషన్‌ను బాగా తక్కువ వేగంలో తిప్పితే చుక్క బయటికి రాలేదు. పని ఆలస్యమవుతుంది, అంతే.

“ఇంత మెల్లగ తిరిగితే ఒక్క కారుకు పొద్దంతా పడతది” అన్నాడు మా ఆయన.

“పడనీ. పొద్దు మనదే కదా.”

మూడోదే తీసుకున్నాం. ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్ళకు తిరుగుతూనే పక్కలకు కూడా ఊగే మిషన్లు ఇస్తున్నారు. వాటితో రంగు కాలడం కష్టమట. అప్పుడు మాకు అలాంటిది ఒకటుందని కూడా తెలియదు. ఆ రోజు బల్ల మీద ఉన్నవాటిలో కొత్త చేతిని ఎక్కువ క్షమించేది మేం కొన్నదే. ఈ రోజు ఎవరైనా అడిగినా నేను అదే మాట చెప్తాను. ముందు మనిషి ఊపిరి, చెయ్యి చూసుకోవాలి, తర్వాత వేగం, ఆ తర్వాతే దమ్ము.

పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి తెచ్చిన కారు బానెట్ ఒకటి ఇంటి ముందు రెండు స్టూళ్ళ మీద పెట్టుకుని నేర్చుకున్నాడు. దవాఖాన నుంచి తెచ్చిన, గాయాలకు కట్టే గాజ్ గుడ్డ మడతలు వేసి, ముక్కుకూ నోటికీ నేనే కట్టేదాన్ని. “వాసన తెలుస్తలేదే” అని గొణిగేవాడు. రంగు పనివాళ్ళకు ముక్కే సగం కన్ను. రంగు వేడెక్కితే ముందు వాసనే చెప్తుందట. “తెలియకపోతే చెయ్యి పెట్టి చూసుకో” అని ముడి ఇంకా గట్టిగా బిగించాను. అలా బిగించినందుకు ఈనాటికీ నాకు చింత లేదు.

మొదటి కారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి మాదాపూర్ ఆఫీసులో చేరిన ఒకాయనది. ఎర్ర కారు, కొని ఎక్కువ కాలం కాలేదు. ఉస్తాద్ దగ్గరికి వస్తే ఆయనే మా ఇంటికి పంపాడు. కొన్నరోజు గుడి దగ్గర పూజ చేయించి, వాళ్ళమ్మ బానెట్ మధ్యలో పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేసిందట. పుణ్యమని తుడవనివ్వలేదు. ఎండలో అది రంగుకు పట్టేసింది. పైన కుంకుమ ఎప్పుడో పోయినా, కింద నల్లటి నీడలా గుర్తు ఉండిపోయింది.

“మా అమ్మగారు పెట్టిన బొట్టండి, తప్పనలేను. ఆవిడ మళ్ళీ వచ్చేలోగా ఈ మచ్చ పోతే కొత్తగా పెట్టుకుంటారు. జాగ్రత్తగా చెయ్యండి, ఇదే నా మొదటి కారు” అన్నాడాయన. మంచి మనిషి. మా ఇంట్లో టీ తాగాడు.

మాది చర్చికి వెళ్ళే ఇల్లు. బొట్టు పెట్టం, బండికి పూజ చేయం. కుంకుమ ఎక్కడ ఎంతసేపు ఉంటుందో, ఏ దెబ్బకు ఊడుతుందో మాకు అలవాటు లేదు. కుంకుమ వాడే ఇంట్లో ఏ పిల్లనడిగినా చెప్తుంది, రెండు వానలు పడి పదిసార్లు కడిగిన బానెట్ మీద ఊడి వచ్చే కుంకుమ ఏమీ మిగలదని. ఆ సంగతి మాకు తెలియక జరిగిందే తర్వాతదంతా.

ఆ రోజు నాకు సెలవు. గడప మీద కూర్చుని చూస్తున్నాను. మా ఆయన కారు తలుపులు చేశాడు, వెనక భాగం చేశాడు. మబ్బు విడిచి రంగు పైకి వచ్చింది. గల్లీలో వాళ్ళు నిలబడి చూసి పోయారు. ఆయన నడకే మారింది. ఆఖరికి బానెట్ దగ్గరికి వచ్చాడు. దాని మధ్యలో రేకు కొంచెం మడతలా లేచిన గీత ఉంది, సరిగ్గా దాని మీదే ఆ గుర్తు. కాసేపు తోమాడు, గుర్తు సగం పలచబడింది. మిషన్ ఆపి స్పాంజి తిప్పి చూపించాడు. ఎర్రగా ఉంది.

“చూసినవా? కుంకుమ లేస్తుంది!” అన్నాడు గుడ్డలోంచి.

నాకూ సంతోషమయింది. ఆయన వేగం కొంచెం పెంచి, ఆ గీత మీదే ఆపి పట్టాడు. స్పాంజి ఇంకా ఎర్రబడింది. ఎర్రబడిన కొద్దీ ఇంకా నొక్కాడు. కారే ఎర్రదని, ఆ వచ్చేది రంగేనని ఇద్దరికీ తట్టలేదు. రంగులో పుట్టి పెరిగిన మనిషికి తట్టలేదు. వాసన వచ్చే ఉంటుంది, నాకు గడప దాకా రాలేదు, ఆయనకు గుడ్డ దాటి పోలేదు. మిషన్ తీసేసరికి గీత మీద వేలెడు పొడుగున, రంగు కింద వేసే బూడిదరంగు ప్రైమర్ కనిపించింది.

ఆయన మిషన్‌ను నేల మీద పెట్టాడు. గుడ్డ విప్పాడు. ఆ చోట వేలితో రాసి చూసుకున్నాడు. గల్లీలో ఎవరో ఏదో అడిగితే కూడా వినలేదు. నాకు డాక్టర్ మాటలు గుర్తొచ్చాయి. ఎందుకంటే ఆ బూడిద చారను కప్పాలంటే మళ్ళీ రంగు వేయాలి. రంగు వేయాలంటే గన్.

ఆ కారాయన సాయంత్రం వచ్చాడు. మా ఆయన దాచలేదు, ముందే చూపించి జరిగింది చెప్పాడు. కారాయన మొహం వాడిపోయింది. అరవలేదు. అరిచి ఉంటే నేనూ రెండు అనేదాన్ని, ఆ భారం కొంత దిగేది.

“మీ చేతి రంగు ఎక్కడ వేశారో తెలియదని ఉస్తాద్ గారు చెప్పారండి. మీరే వేసిపెట్టండి. అమ్మగారికి తెలియకపోతే చాలు” అన్నాడు.

కారు వదిలి ఆయన వెళ్ళాక మా ఇద్దరికీ యుద్ధమే.

“ఒక్కసారే. ఒక్క బానెట్” అన్నాడు.

“తాగుబోతులు కూడా ఇదే అంటరు.”

“పాడు చేసింది నేను. ఇంకొకనితోని ఎట్ల ఏపియ్యాలె? నా పేరు ఏం గావాలె?”

“నీ పేరు నిన్ను బతికిస్తదా? నీ ఊపిరి పోతే ఆ పేరు తీస్కపోయి గోడకు కొట్టుకోనా?”

“అయితే నేనింక దేనికీ పనికి రానన్నట్టేనా?” అన్నాడు. ఆ మాట అరిచి అనలేదు. మెల్లగా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మర్నాడు పొద్దున ఆయన ఆ కారు నడుపుకుంటూ షెడ్డుకు బయల్దేరాడు. నేను డ్యూటీ మార్చుకుని వెనకే వెళ్ళాను. వద్దనలేదు, రమ్మనలేదు.

ఉస్తాద్ పెద్దాయన, గడ్డం తెల్లబడింది. కారును, మమ్మల్ని చూసి సంగతి గ్రహించాడు. నాకు కుర్చీ వేయించాడు. “బేటీ, బయట కూసో. లోపల మంచిగ లేదు గాలి” అన్నాడు.

రంగు కలపడం మాత్రం మా ఆయనే చేశాడు. షెడ్డు బయట, గాలి వెనక నుంచి వచ్చేలా నిలబడి, గుడ్డ కట్టుకుని కలిపాడు. ఎరుపులో చుక్క నలుపు, చుక్క పసుపు. చిన్న రేకు ముక్క మీద రాసి నన్ను ఎండలో పట్టుకోమన్నాడు. ఆరాక బానెట్ పక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కలిపాడు. కొద్దిసేపటికి దగ్గు వచ్చి డబ్బా కింద పెట్టి వంగిపోయాడు. నేను వీపు నిమరబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆఖరికి రేకును బానెట్ మీద పెడితే ఎక్కడ రేకో ఎక్కడ బానెట్టో నాకు తెలియలేదు. అంత బాధలోనూ నాకు గర్వం కలిగింది.

లోపల చుట్టూ ప్లాస్టిక్ పరదా కట్టి కారు నిలిపారు. గీత చుట్టూ కాగితాలు అంటించారు. కంప్రెసర్ శబ్దం మొదలయింది. మా ఆయన గన్ కప్పులో రంగు పోసి మూత బిగించి చేతిలోకి తీసుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. అనవలసినవన్నీ రాత్రే అనేశాను.

ఆయన పరదా దాకా వెళ్ళాడు. ఒక చేత్తో పరదా పక్కకు తీశాడు. లోపలి గాలి మొహానికి కొట్టినట్టుంది, భుజాలు ఒక్కసారి పైకి లేచాయి. అలాగే నిలబడ్డాడు. తిరిగి నన్ను చూడలేదు. లోపల ఉస్తాద్ ముక్కుకు రుమాలు కట్టుకుని కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన కూడా రమ్మనలేదు, వద్దనలేదు. మా ఆయన గన్‌ను ముందుకు చాపాడు.

“ఉస్తాద్, మీరే కొట్టండి. తడిగ వద్దు. పలచగ, రెండు చేతుల పూత” అన్నాడు.

అన్నేళ్ళు ఆ ఉస్తాద్ చెప్తే విన్న మనిషి, ఆ రోజు ఆయనకే చెప్పాడు. ఉస్తాద్ “అట్లనే బేటా” అని గన్ అందుకున్నాడు. పరదా మూసుకుంది.

మా ఆయన బయటే, పరదాకు అడుగు దూరంలో నిలబడి లోపలికి చూశాడు. ప్లాస్టిక్ వెనక ఉస్తాద్ నీడలా కనిపిస్తున్నాడు. గన్ బుస్సుమన్నప్పుడల్లా మా ఆయన కుడి చెయ్యి తొడ పక్కన కదిలింది. ఎడమ నుంచి కుడికి, చివర్లో మణికట్టు చిన్నగా తిరిగి, మళ్ళీ వెనక్కి. చేతిలో లేని గన్‌ను వేలు నొక్కుతోంది, వదులుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అలా చెయ్యి ఆడుతోందని ఆయనకు తెలియదని నేననుకుంటున్నాను. వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే ఆగిపోతుందని పట్టుకోలేదు.